మెత్తబడ్డ కమాన్లు

ఎట్టకేలకు బండి నేల మీదకి దిగింది. ఫిట్టరు జాకీ తీసేశాడు, చెక్క దిమ్మలు లాగేశాడు, పెద్దాయన మళ్ళీ తన నాలుగు చక్రాల మీద తాను నిలబడ్డాడు, ఇంక మిగిలిందల్లా కిందకి దూరి కుదుపులు ఆపే ఇనప కమాన్ల చివర్లలో ఉన్న బోల్టులు బిగించడమే. అది మాత్రం బండి బరువంతా కమాన్ల మీద పడ్డాకే చెయ్యాలి, గాల్లో ఉండగానే బిగించేస్తే లోపలి రబ్బరు బుష్‌లు మెలిపడిపోయి, బరువు పడగానే చిరగడం మొదలెడతాయి, తొందరపడే మేస్త్రీలు చేసే పని అది, తను తొందరపడే రకం కాదు. పెద్దాయనంటే బండే. ముప్ఫై ఏళ్ళు దాటిన కొండల బండి, ఇంటి ముందు ఆరుబయట ఎండకి ఎండి వానకి నానినది, మొన్న పక్కింటావిడ గోడ మీదుగా తొంగి చూసి ఏం చేస్తున్నారన్నయ్యగారూ అంటే, పెద్దాయన కాళ్ళు విప్పుతున్నానమ్మా అని తను మామూలుగానే చెప్పాడు, ఆవిడ గుండె మీద చెయ్యేసుకుంది పాపం. దానికి లోపల గదిలో పడుకున్న పెళ్ళాం నవ్వబోయి, నవ్వు నడుములోకి పొడుచుకొచ్చి, కెవ్వుమంది. ఇప్పుడు ఎండ కాస్త పక్కకి వాలింది. బావమరిది వచ్చేలోగా పనైపోవాలని గోనెపట్టా పరుచుకుని, వెల్లకిలా పడుకుని, మడమలతో నేలని తన్నుకుంటూ ఫిట్టరు కిందకి జరిగాడు.

కిందకి దూరితే పైన ఉన్న లోకం ఏదీ ఉండదు, గ్రీజు వాసన, ఎండిన మట్టి వాసన, మొహానికి జానెడు దూరంలో యాక్సిల్, దాని పక్కన తన చేత్తో తోమి నూనె పట్టించిన కమాన్ పట్టీలు ఒకదాని మీద ఒకటి. ఇనప తుప్పు ఒక రేకు ఊడి కంటి కొసన పడింది, చేతులకి గ్రీజు, భుజంతో తుడుచుకున్నాడు. ఇక్కణ్ణుంచి ఆ గది కిటికీ కనపడదు గానీ వినపడుతుంది. కిటికీ రెక్కలు తెరిచే ఉంచమంది, స్పానర్ చప్పుడు వింటే నిద్రొస్తుందట, ఎవరికైనా చెబితే నవ్వుతారు. ఫ్యాన్ తిరుగుతున్న చప్పుడు, అంతే. మూలుగు లేదు. నిన్నటి నుంచీ లేదు, హమ్మయ్య, ఆ మాత్రలేవో పని చేస్తున్నట్టున్నాయి. అంతకుముందు వారం ఆ మూలుగు ఇల్లంతా పాకింది, వంటింట్లో కుళాయి తిప్పినా దాని వెనకాల వినపడేది, తను పనిచేసే పంపుహౌసులో మోటర్ల హోరులో నిలబడినా చెవుల్లో ఉండేది. రొమ్ములో వచ్చినది కోయించి, మందులెక్కించి, జుట్టూడి మళ్ళీ మొలిచి, అంతా అయిపోయిందని ఊపిరి పీల్చుకుంటే అది చప్పుడు చెయ్యకుండా వెన్నులోకి దిగింది. డాక్టరమ్మ చిన్నపిల్ల, తన ముందు కూర్చోడానికే మొహమాటపడేంత చిన్నపిల్ల, సినిమా రీలులా ఉన్న ఫిల్మును వెలుతురుకి ఎత్తి పట్టుకుని చూపించింది, ఇదిగో ఈ ఎముక నరాల మీద ఒత్తుకుంటోంది, పెద్దాసుపత్రికి తీసుకెళ్ళి కరెంటు, అదే రేడియేషన్, పెట్టిస్తే కాళ్ళు నిలబెట్టొచ్చు, త్వరగా తీసుకెళ్ళండి, ఆలస్యం చెయ్యకండి అంది. కాళ్ళు నిలబెట్టొచ్చు అన్న మాటే అతనికి పట్టుకుంది. ప్రాణం మాట ఆ పిల్ల ఎత్తలేదు, తనూ అడగలేదు.

బోల్టుకి స్పానర్ తగిలించి, ఇటు బిగించి, ఇంకొంచెం, చాలు. పెద్దాసుపత్రికి దారి మంచిదైతే ఈ గొడవే లేదు. కాలవ వంతెన దాకా గుంటలే, వంతెన దాటాక రోడ్డు వేస్తామని తవ్వి వదిలేసిన కంకర, ఆపైన గానీ తారు రాదు. అంబులెన్సు వచ్చింది, రాకపోవడమేం, అద్దాలు మెరుస్తూ, లోపల చల్లగా, ఇద్దరు కుర్రాళ్ళు ఎంతో మర్యాదగా ఎత్తి పడుకోబెట్టారు, వీధి మలుపు తిరిగేలోగానే ఆవిడ అరుపు మొదలైంది. ఆ అరుపు అతను జన్మలో వినలేదు. కొండ దారిలో బ్రేకులు పోయినప్పుడు కూడా నోరెత్తని మనిషి. వంతెన దాకా కూడా పోలేకపోయారు, ఆపండి ఆపండి అని తనే ఆ కుర్రాడి చొక్కా పట్టుకున్నాడు. ఇంటికి తెచ్చి పడుకోబెట్టాక, చెమటతో జుట్టంతా నుదుటికి అంటుకుపోయి, ఆవిడ గోడ వైపు చూస్తూ చెప్పింది, చంపదలుచుకుంటే ఇక్కడే చంపండి, ఆ డబ్బా మళ్ళీ ఎక్కను, నా బండిలో అయితే వస్తాను అని. నా బండిలో. ఆ ఒక్క మాట పట్టుకుని మర్నాడే పెద్దాయన్ని దిమ్మల మీదకి ఎక్కించాడు. బావమరిది, ఆవిడ ఒక్కగానొక్క తమ్ముడు, వడ్రంగి, నిక్కచ్చి మనిషి, బావా ఇంజెక్షన్ ఏదైనా పొడిపించి మత్తులో తీసుకుపోదాం, ఆలస్యం అమృతం విషం అన్నాడు. నిదానమే ప్రధానం అన్నాడు తను. సామెతకి సామెత సరిపోయింది, వాడు తల గోక్కుని ఊరుకున్నాడు. ఉన్న బండిలో ఉన్నట్టుగా ఎక్కిస్తే ఆవిడకి ప్రాణాలు పోతాయిరా, ఈ కమాన్లు గట్టివి, రాతి బండలు, నేనే చేశాను కదా, నాకు తెలీదా, నాలుగు రోజులు ఆగు, పూలపాన్పు చేసి పెడతాను అన్నాడు. అయితే పడుకోడానికి చెక్క నేను చేస్తాను అని వాడూ పనిలో పడ్డాడు. పని దొరికితే మగాళ్ళకి ఎంత హాయో.

తనే చేశాడు మరి. ఈ బండి వేలంలో కొన్నప్పుడు దీని వెనక భాగం నేలకి వంగి, చతికిలబడి ఉండేది. ఆవిడ కొండ మీది ఊళ్ళకి మనుషుల్ని తిప్పేది, టీచర్లనీ, టీకాల నర్సునీ, నెలలు నిండిన వాళ్ళనీ, ఎరువు బస్తాలనీ, ఒకసారి ఒక గుడ్డి గుర్రాన్ని కూడా, దాని యజమాని మెడ పట్టుకుని పక్కనే నిలబడ్డాడు. పెళ్ళైన కొత్తలో జనానికి అదొక వేడుక, ఆవిడ స్టీరింగ్ దగ్గర, ఈయన బండి కింద, వాళ్ళింట్లో ఎవరు పైనో ఎవరు కిందో చూడండని టీ కొట్టు దగ్గర నవ్వుకునే వాళ్ళు, అతనూ వాళ్ళతోబాటు నవ్వేవాడు, ఉన్న మాటే కదా. ఇంకా ఎత్తు కావాలి మేస్త్రీ గారూ, రాళ్ళు కింద గీరుకుంటున్నాయి, ఇంకా బరువు మొయ్యాలి మేస్త్రీ గారూ, వెనక కూర్చుండిపోతోంది అనేది ఆవిడ. అతను లారీ కమాన్ల నుంచి మందపాటి పట్టీలు కొని తెచ్చి, కట్టకి కట్ట కలిపి, పెద్ద యూ బోల్టులు వేసి, పెద్దాయన్ని మోకాలెత్తు లేపాడు. ఆ రోజు ఆవిడ ఎక్కి కూర్చుని, వీధి చివరి దాకా పోయి తిరిగొచ్చి, దిగి, నడుం మీద చేతులు పెట్టుకుని, గాడిద తన్నినట్టుంది, బ్రహ్మాండంగా ఉంది అంది. పొగడ్తంటే అదీ. ఖాళీ బండి కుదుపుతుంది, బరువున్న బండి ఊగుతుంది, బరువెయ్యండి సర్దుకుంటుంది అనేది ఎక్కిన వాళ్ళతో. పిల్లలు లేరు వాళ్ళకి, ఎన్ని చోట్ల తిరిగినా కలగలేదు, ఆ బాధ కొన్నాళ్ళు ఉండి, తర్వాత ఎక్కడో సర్దుకుంది. బండి కుదుపులకేనేమో అని ఒక ముసలావిడ అన్నప్పుడు మాత్రం అతను ఆ రాత్రంతా నిద్రపోలేదు, ఆవిడ శుభ్రంగా గురక పెట్టింది.

ఆవిడ నడుముకి చెవులుండేవి. అది అతను ఎవరికి చెప్పినా నమ్మరు. సాయంత్రం బండి ఆపి దిగీ దిగగానే, వెనక ఎడమ పక్కన పైనుంచి మూడో పట్టీ విరిగింది చూడండి అనేది, విప్పి చూస్తే వెంట్రుకంత పగులు. షాక్ అబ్జార్బర్‌లో నూనె కారిపోయిందనేది, అతనింకా వంగి చూడకముందే. చూడ్డానికి మీకు కళ్ళు కావాలి, నాకు కూర్చుంటే చాలు అని వెక్కిరించేది. అందుకే ఈ వారమంతా అతనికి ఒకటే బెంగ, తను చేసింది ఎంత మెత్తగా ఉందో చెప్పాల్సిన మనిషి లేవలేని స్థితిలో ఉంది. లారీ పట్టీలన్నీ తీసేశాడు. మొదటి పట్టీ, దాన్ని చుట్టుకున్న రెండోది ఉంచాడు, అవి లేకపోతే యాక్సిల్‌కి ఆధారం లేదు, ఆపైన పల్చటివి కొన్నే. పట్టీకీ పట్టీకీ మధ్య రాపిడి లేకుండా పాత నీళ్ళ డ్రమ్ము కోసి నున్నటి ప్లాస్టిక్ ముక్కలు పెట్టాడు, గ్రీజు పట్టించాడు, పాత కార్లు విప్పే చోటికి పోయి మెత్తటి షాక్ అబ్జార్బర్లు వెతికి తెచ్చి, పైకీ కిందకీ నొక్కి చూసుకుని, కొలత చాలకపోతే పట్టుకునే కొక్కేలు మార్చాడు. టైర్లలో గాలి కొంచెం తగ్గించాడు. వెనక రెండు పక్కలా ఇసక బస్తాలు పేర్చాడు, బరువుంటేనే కదా కమాను వంగేది. జాకీ తీసేయకుండానే చక్రాలు నేలకి ఆనేదాకా దించి, చెక్క మీద ఆవిడ పడుకోవాల్సిన చోట తను పడుకుని, బావమరిదిని బంపరు పట్టుకుని ఊపమన్నాడు, వాడు వేళ్ళాడి మరీ ఊపాడు, తను కళ్ళు మూసుకుని నడుముతో వినబోయాడు. ఎలా ఉంది బావా అన్నాడు వాడు. బాగానే ఉంది అన్నాడు తను. అతని నడుముకేం తెలుసు, అది సుఖంగా పెరిగిన నడుము.

రెండో వైపు బోల్టు. చెయ్యి పట్టడం లేదు, ఒత్తిగిలి, మోచెయ్యి నేలకి ఆనించి. చీమ ఒకటి చెవి వెనక పాకుతోంది, పాకనీ. నిన్న పొద్దున కాఫీ తాగించడానికి లోపలికి వెళ్తే ఆవిడ మొహం ఎంత తేటగా ఉందో, ఎన్నాళ్ళకో అంత తేటగా. నొప్పెలా ఉందే అంటే, ఇవాళ నయం అంది. కప్పు కింద పెట్టి పరిగెత్తుకొచ్చి పనిలో పడ్డాడు, నయంగా ఉన్నప్పుడే తీసుకుపోవాలి, మళ్ళీ తిరగబెట్టకముందే, నిన్నంతా అన్నం కూడా నిలబడే తిన్నాడు. కిటికీలోంచి పిలిచింది ఒకటి రెండుసార్లు, మేస్త్రీ గారూ, ఓసారి రండి అని, ఇదిగో వస్తున్నా, ఈ ఒక్క బోల్టు అన్నాడు, మళ్ళీ పిలవలేదు, నిద్ర పట్టినట్టుందని సంతోషించాడు. ఏం లేదు, ఏ మంచినీళ్ళకో అయ్యుంటుంది. సాయంత్రం వెళ్ళి మంచం అంచున కూర్చుని, చేతులకి గ్రీజుందని ఆవిణ్ణి ముట్టుకోకుండా, ప్లాస్టిక్ ముక్కల సంగతి, షాక్ అబ్జార్బర్ల సంగతి పూసగుచ్చినట్టు చెప్పాడు, వెన్న మీద పోయినట్టు పోతావే అన్నాడు. ఆవిడ అలా చూస్తూనే ఉంది అతని వైపు, ఎంతసేపో. మీరు ఈ సంబరంలో కుర్రాడిలా ఉన్నారు అంది. సంబరమే. సిగ్గు లేకుండా సంబరమే, పెళ్ళాం మంచాన పడి ఉంటే ఎవడికైనా సంబరం ఉంటుందా, కానీ అదేమిటో, ఏమీ చెయ్యలేక గుమ్మంలో నిలబడి ఆ మూలుగు వినడం కంటే ఇది ఎంతో నయం, ఇక్కడ విప్పితే విప్పింది విప్పినట్టు ఉంటుంది, బిగిస్తే బిగిసినట్టు ఉంటుంది. ఆవిడ పోతే తను బతకలేడు. అది అంతే, బండి కింద పడుకుని ఎవరూ వినని చోట అనుకోడానికి భయమేముంది. కాళ్ళు నిలబడితే చాలు, స్టీరింగ్ పట్టకపోయినా ఫర్వాలేదు, కర్ర పట్టుకుని వాకిట్లోకొచ్చి అది అలా కాదు మేస్త్రీ గారూ అని తప్పులు పడితే చాలు. బిగిసింది. అయిపోయింది. స్పానర్ పొట్ట మీద పెట్టుకుని అలాగే కాసేపు పడుకున్నాడు, లేవబుద్ధి కాలేదు.

బావమరిది వచ్చాడు. ఇద్దరూ దుప్పటి నాలుగు కొసలూ పట్టుకుని ఎత్తారు, ఎత్తేటప్పుడు అతను పళ్ళు బిగబట్టి ఆ అరుపు కోసం ఎదురుచూశాడు, అరుపు రాలేదు, చూశావా మాత్రలు అన్నట్టు బావమరిది వైపు కళ్ళెగరేశాడు. చెక్క మీద పరుపు, పరుపు మీద ఆవిడ, నడుముకి అటూ ఇటూ దిళ్ళు, కాళ్ళ మీద దుప్పటి, తల తమ్ముడి ఒళ్ళో. ఆవిడ పైకప్పు వైపు చూసి, ఎన్నాళ్ళైంది ఈ ముసలాయన్ని చూసి అంది, చెయ్యి చాచి ఇనప కమ్మీని నిమిరింది. అతను స్టీరింగ్ దగ్గర కూర్చున్నాడు. ఎప్పుడూ ఆవిడ కూర్చునే చోటు, సీటు ఆవిడ నడుముకి అరిగిన చోటు. మేస్త్రీ గారు నడుపుతున్నారు, దారిలో జనం పక్కకి తప్పుకోండి అంది వెనక నుంచి, తమ్ముడు నవ్వాడు, తనూ నవ్వాడు. నవ్వినా ఆవిడకి నొప్పి పొడవలేదు.

గేటు దాటాడు. మురుగుకాలువ రాయి మీద ముందు చక్రాలు ఎక్కి దిగాయి, వెనక చక్రాలు ఎక్కి దిగాయి, పెద్దాయన ఒకసారి ఒళ్ళు విరుచుకున్నట్టు వంగి, లేచి, సర్దుకున్నాడు. ఇంతకుముందైతే తల పైకప్పుకి కొట్టుకునేది. ఊపిరి బిగబట్టి అద్దంలో చూశాడు, ఆవిడ మొహం కదల్లేదు. వీధి మలుపు, మొన్న అంబులెన్సులో అరుపు మొదలైన చోటు, గుంట పక్కన గుంట, ఒక్కొక్క చక్రాన్నే దించుతూ, చీమల్ని తొక్కకుండా నడిచే వాడిలా, దించి, ఎక్కించి, మళ్ళీ దించి. ఎలా ఉందే అన్నాడు. ఏమీ తెలియలేదు అంది ఆవిడ. నిజం చెప్పు అన్నాడు. నిజమే, దెబ్బే తెలియలేదు అంది. అతనికి కళ్ళలో నీళ్ళు వచ్చేశాయి, రోడ్డు మసకబారింది, జన్మలో ఎన్ని మోటర్లు విప్పాడో ఎన్ని పంపులు బిగించాడో, ఏ ఒక్కదానికీ ఇంత గర్వపడలేదు, చూశావురా అన్నాడు బావమరిదితో, నిదానమే ప్రధానం. వాడు ఏదో చూస్తున్నాడు. వంతెన కనిపిస్తుండగా టక్కు టక్కుమని చప్పుడు, మొదట షాక్ అబ్జార్బరేమో అనుకున్నాడు, కొక్కెం సరిగా పట్టలేదా, కాదు, చప్పుడు కింద నుంచి కాదు, లోపలి నుంచి. అద్దం వంచి చూశాడు. ఆవిడ కుడి కాలు దుప్పట్లోంచి జారి చెక్క పక్కకి వేలాడుతోంది, బండి ఊగినప్పుడల్లా చీలమండ వెనక తలుపు ఇనప గొళ్ళానికి కొట్టుకుంటోంది, టక్కు, టక్కు. ఆవిడ పైకప్పు వైపు చూస్తూ ఉంది.

బండి ఆపాడు. దిగి వెనక్కి వెళ్ళి తలుపు తీశాడు. చీలమండ మీద చర్మం లేచిపోయి రక్తం గొళ్ళెం మీదుగా నేలకి కారుతోంది. కాలు రెండు చేతులతో పట్టుకున్నాడు, కాలు బరువుగా ఉంది, బస్తా బరువు. బొటనవేలు నొక్కాడు. గోరు పాలిపోయేదాకా నొక్కాడు. ఆవిడ కాలి వైపు చూడలేదు, అతని మొహం వైపే చూసింది, దొరికిపోయిన దానిలా. బావమరిది అక్క తల పట్టుకుని ఏడవడం మొదలెట్టాడు, వాడికి అప్పటికే అర్థమైంది.

"ఎప్పటి నుంచి?" అన్నాడు ఫిట్టరు.

"నిన్న పొద్దున్నుంచి. నడుము కింద నాది కాదు. చెబుదామనే పిలిచాను. మీరు అంత సంబరంగా ఉన్నారు. కమాన్లన్నీ విప్పి నేల మీద పరిచి ఉన్నాయి, బండి ఇంకెలాగూ కదలదు కదా అని."

కాలు తీసి చెక్క మీద పెట్టాడు, జారకుండా దిండు అడ్డం పెట్టాడు, రక్తం తన చొక్కా కొసతో తుడిచాడు, మళ్ళీ వచ్చింది, మళ్ళీ తుడిచాడు. ఇంజెక్షన్ పొడిపించి ఆ రోజే, ఆ రోజే, లేదా మొన్న, లేదా నిన్న పొద్దున కాఫీ కప్పు చేతిలో ఉండగా ఒక్కసారి దుప్పటి తీసి ఆ కాళ్ళు ముట్టుకుని ఉంటే, చేతులకి గ్రీజు కాకుండా ఉంటే. ఎంత మెత్తగా చేశాడు. ఎవరికోసం చేశాడు. ఆవిడ చెయ్యి చాచి అతని గ్రీజు చెయ్యి పట్టుకుంది, వదిలించుకోబోయినా వదల్లేదు. "బండి బాగా చేశారు మేస్త్రీ గారూ, నడుము పైన ఉన్నంత వరకు తెలుస్తోంది నాకు," అంది. "వెళ్ళి కూర్చోండి. ఇంక గుంటలు చూసుకోనక్కర్లేదు. నాకేం కాదు. తొక్కండి."

వెళ్ళి కూర్చున్నాడు. గేరు వేశాడు, రెండోసారికి పడింది. వంతెన దాటాక కంకర రోడ్డు మొదలైంది, ఎదురుగా పెద్ద గుంట కనబడింది. తప్పించకుండా తిన్నగా పోనిచ్చాడు.